కంప్యూటర్ శుద్ధి సాఫ్ట్‌వేర్లు: ప్రయోజనమెంత? భద్రత ఎంత?

ఆదోని, ఎమ్మిగనూరు కార్యాలయాలు, వ్యాపార సంస్థలు తెలుసుకోవలసిన విషయాలు

(ప్రత్యేక వ్యాసం)

ఆదోని / ఎమ్మిగనూరు: కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో పత్తి వ్యాపారానికి ఆదోని, చేనేతకు ఎమ్మిగనూరు పేరెన్నికగన్న పట్టణాలు. మార్కెట్ యార్డుకు రైతు తెచ్చిన సరుకు తూకం, ధర, తక్‌పట్టీ మొదలుకొని చేనేత సహకార సంఘంలో నేత కార్మికునికి ఇచ్చిన నూలు, చెల్లించిన మజూరి వరకు ఒకప్పుడు చిట్టా పుస్తకాలలో ఉండిన లెక్కలు నేడు కంప్యూటర్లలో నమోదవుతున్నాయి. మున్సిపల్, తహసీల్దార్ కార్యాలయాలు, మీసేవ కేంద్రాలు ఈ మార్పును ముందుగానే చూశాయి. 2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థతో కంప్యూటర్ వినియోగం గ్రామ స్థాయికి విస్తరించింది.

వినియోగం పెరిగిన కొద్దీ కంప్యూటర్ నెమ్మదించడం, మధ్యలో ఆగిపోవడం, నిల్వ స్థలం చాలడం లేదన్న హెచ్చరిక రావడం సర్వసాధారణమైంది. అటువంటి సమయంలో ‘మీ కంప్యూటర్‌లో వేలాది లోపాలు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి’ అనే ప్రకటనలు తెరపై కనిపిస్తాయి. పని తొందరలో ఉన్న సిబ్బంది ఆ మాటను నమ్మి ఉచిత శుద్ధి సాఫ్ట్‌వేర్‌ను దించుకోవడం సహజం. అయితే ఈ సాఫ్ట్‌వేర్లు చేసే మేలు పరిమితమైనది. ఆ మేలులో అధిక భాగం విండోస్‌లోనే ఉచితంగా అందుబాటులో ఉన్నది. వాటివల్ల కలిగే నష్టం మాత్రం కంప్యూటర్‌తో ఆగకుండా, అందులో లెక్కలున్న రైతు, నేత కార్మికుడు, అర్జీదారుల వరకు పోవచ్చును. ఈ రెండింటినీ బేరీజు వేసుకుని నిర్ణయం తీసుకోవడం ఎంతైనా అవసరం.

శుద్ధి సాఫ్ట్‌వేర్లు చేసే పని ఏమిటి?

సాధారణంగా ఈ సాఫ్ట్‌వేర్లు నాలుగు రకాల పనులు చేస్తామని చెబుతాయి. మొదటిది, తాత్కాలిక ఫైళ్లను తొలగించడం. ఏదైనా ప్రోగ్రాం పనిచేస్తున్నపుడు, విండోస్ అప్‌డేట్లు వచ్చినపుడు, వెబ్‌సైట్లు చూసినపుడు కొన్ని ఫైళ్లు డిస్క్‌పై ఏర్పడతాయి. పని ముగిసిన తరువాత కూడా వాటిలో కొన్ని అలాగే మిగిలిపోతాయి. రెండవది, బ్రౌజర్‌లోని చరిత్ర, కుకీలు, నిల్వ ఉన్న పాస్‌వర్డ్‌ల వంటి వాటిని తుడిచివేయడం. మూడవది, విండోస్ రిజిస్ట్రీలో అనవసరమని భావించిన నమోదులను తీసివేయడం. నాలుగవది, కంప్యూటర్ ఆరంభంతోపాటే తెరుచుకునే ప్రోగ్రాములను నిలిపివేయడం, అవసరం లేని వాటిని పూర్తిగా తొలగించడం.

వీటిలో మొదటి, నాలుగవ పనుల వల్ల నిజమైన ప్రయోజనం ఉన్నది. రెండవది సందర్భాన్ని బట్టి మేలు చేయవచ్చు, ఇబ్బందీ కలిగించవచ్చు. మూడవ పని వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ.

నిల్వ స్థలం కొరకు విండోస్‌లోనే సదుపాయం

తాత్కాలిక ఫైళ్లను తొలగించడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కొననవసరం లేదు. ‘డిస్క్ క్లీనప్’ అనే సదుపాయం విండోస్ 98 కాలం నుంచి విండోస్‌లోనే ఉన్నది. విండోస్ 10లో 2017లో ‘స్టోరేజ్ సెన్స్’ అనే మరొక సదుపాయం చేరింది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ విభాగాన్ని తెరిస్తే డిస్క్‌పై ఏ రకం ఫైళ్లు ఎంత స్థలం ఆక్రమించాయో కనిపిస్తుంది. పాత విండోస్ అప్‌డేట్ల అవశేషాలు, రీసైకిల్ బిన్‌లోని ఫైళ్లు, తాత్కాలిక ఫైళ్లను అక్కడి నుంచే తీసివేయవచ్చు.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. స్థలం ఖాళీ కావడం వేరు, కంప్యూటర్ వేగం పెరగడం వేరు. డిస్క్ దాదాపు పూర్తిగా నిండినపుడు కొంత ఖాళీ చేస్తే విండోస్ అప్‌డేట్లు సజావుగా సాగుతాయి, కంప్యూటర్ తేలికపడుతుంది. సగం ఖాళీగా ఉన్న డిస్క్‌లో మరికొంత ఖాళీ చేసినందువల్ల వేగంలో చెప్పుకోదగిన మార్పు రాదు. గిడ్డంగిలో చోటు ఉన్నపుడు మూలన ఉన్న నాలుగు ఖాళీ గోనెలను తీసివేసినంత మాత్రాన తూకం పని వేగంగా సాగదు కదా. బ్రౌజర్ నిల్వ చేసుకున్న ఫైళ్లను పదేపదే తుడిచివేస్తే అదే వెబ్‌సైట్‌ను తెరిచిన ప్రతిసారీ ఆ ఫైళ్లు మళ్లీ దించుకోవలసి వస్తుంది. ఇంటర్నెట్ మందకొడిగా ఉండే గ్రామాలలో ఇది పనిని ఇంకా ఆలస్యం చేస్తుంది.

‘డౌన్‌లోడ్స్’ బీరువా కాదు

విండోస్‌లోని సదుపాయమైనా, బయటి సాఫ్ట్‌వేరైనా తొలగించే ముందు జాబితాను చదవడం తప్పనిసరి. అనేక కార్యాలయాలలో ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డరునే బీరువాగా వాడుకోవడం అలవాటు. స్కాన్ చేసిన పట్టాదారు పాసు పుస్తకాలు, ఆధార్ ప్రతులు, పోర్టల్ నుంచి దించుకున్న రసీదులు, జాబితాలు అన్నీ అందులోనే పడి ఉంటాయి. విండోస్ 10కు చెందిన 2018 అక్టోబరు అప్‌డేట్‌లో డిస్క్ క్లీనప్ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డరును కూడా చేర్చారు. అలవాటు ప్రకారం అన్ని గడులకూ టిక్కు పెట్టినవారి ఫైళ్లు పోయే పరిస్థితి ఏర్పడింది. విమర్శల నేపథ్యంలో 2020లో ఆ అంశాన్ని జాబితా నుంచి తొలగించారు. స్టోరేజ్ సెన్స్‌లో నేటికీ డౌన్‌లోడ్స్‌ను నిర్ణీత రోజుల తరువాత ఖాళీ చేసే ఐచ్ఛికం ఉన్నది. దానిని ‘ఎప్పటికీ వద్దు’ అన్న స్థితిలోనే ఉంచడం మంచిది.

ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన సమాచారం సర్వరులో ఉంటుంది కనుక స్థానిక కంప్యూటర్‌ను శుభ్రం చేసినందువల్ల దానికి ముప్పు లేదు. ఆ కంప్యూటర్‌లో మాత్రమే ఉన్న స్కాన్ ప్రతులు, ఎక్సెల్ పట్టికలు, వ్యాపారి లెక్కల ఫోల్డర్లు తుడిచిపెట్టుకుపోతే మాత్రం వాటిని తిరిగి సమకూర్చుకునే భారం అర్జీదారుపైనే పడుతుంది. కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద వంటి మండలాల నుంచి ఒక రోజు కూలి వదులుకుని పట్టణానికి వచ్చే వ్యక్తికి ‘మీ కాగితాలు మళ్లీ తీసుకురండి’ అని చెప్పవలసి రావడం చిన్న విషయం కాదు.

రిజిస్ట్రీని తాకకపోవడమే మేలు

విండోస్ 95 నుంచి వాడుకలో ఉన్న రిజిస్ట్రీ, కంప్యూటర్‌లోని ప్రోగ్రాములు, పరికరాలు, వినియోగదారుల అమరికలన్నింటినీ నమోదు చేసుకునే కేంద్ర చిట్టా వంటిది. అందులో పాత ప్రోగ్రాములకు చెందిన కొన్ని నమోదులు మిగిలిపోవడం నిజమే. అవి ఆక్రమించే స్థలం అత్యల్పం. వాటిని తీసివేసినందువల్ల వేగం పెరగదు. ఒక ముఖ్యమైన నమోదును పొరపాటున తొలగిస్తే ప్రింటరు, స్కానరు, డిజిటల్ సంతకం టోకెన్ వంటివి పనిచేయకుండా పోవచ్చు. రిజిస్ట్రీ శుద్ధి సాఫ్ట్‌వేర్ల వాడకాన్ని తాము సమర్థించడం లేదని, తీవ్ర సందర్భాలలో విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసి రావచ్చునని మైక్రోసాఫ్ట్ సంస్థ తన మద్దతు విధానంలో స్పష్టం చేసింది.

తెలుగు కార్యాలయాలకు, పత్రికా విలేఖరులకు ఇందులో మరొక ప్రత్యేక ఇబ్బంది ఉన్నది. యూనికోడ్ వ్యాప్తికి ముందు అను వంటి డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన వేలాది పత్రాలు నేటికీ కంప్యూటర్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లుగాని, వాటి కీబోర్డు ప్రోగ్రాముకు చెందిన నమోదులుగాని ‘పాతవి, అనవసరమైనవి’ అన్న లెక్కలో తొలగిపోతే పత్రం తెరుచుకుంటుంది గాని అక్షరాలకు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఫైలు ఉన్నా చదవడానికి వీలు లేని ఈ స్థితి ఫైలు పోవడంతో సమానమే.

కంప్యూటర్ నెమ్మదించడానికి అసలు కారణాలు

వేగం తగ్గడానికి ‘చెత్త ఫైళ్లు’ ప్రధాన కారణం కావడం అరుదు. పాత కంప్యూటర్లలో తిరిగే హార్డ్ డిస్క్ ఉండటం, ర్యామ్ తక్కువగా ఉండటం, ఆరంభంలోనే పలు ప్రోగ్రాములు తెరుచుకోవడం, ఒకేసారి రెండు యాంటీవైరస్‌లు పనిచేయడం వంటివి సాధారణ కారణాలు. హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ అమర్చితే కనిపించే మార్పు ఏ శుద్ధి సాఫ్ట్‌వేర్‌తోనూ రాదు. ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్లకు డీఫ్రాగ్ చేసే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. దానికి తగిన నిర్వహణను విండోస్ తనంతట తానే చేసుకుంటుంది. ఆరంభ ప్రోగ్రాములను టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ విభాగం నుంచి సులువుగా నిలిపివేయవచ్చు.

ఈ ప్రాంతానికి సంబంధించి వేడి, దుమ్ము అనే మరో రెండు కారణాలను తప్పక గమనించాలి. జిన్నింగ్ మిల్లులు, పత్తి యార్డు పరిసరాలలో గాలిలో తేలే సన్నని దూది పీచు, మగ్గాల వద్ద లేచే నూలు పీచు కంప్యూటర్ ఫ్యాను రెక్కలకు, వేడిని బయటకు పంపే లోహపు పలకల మధ్యకు చేరి పొరలా పేరుకుంటాయి. వేసవి ఎండలు దీనికి తోడవుతాయి. లోపలి వేడి హద్దు మీరినపుడు తనను తాను రక్షించుకొనడానికి ప్రాసెసర్ వేగాన్ని తగ్గించుకుంటుంది. వేడి మరీ పెరిగితే యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. బయటికి ఇది సాఫ్ట్‌వేర్ లోపంలాగే కనిపిస్తుంది. ఇటువంటి కంప్యూటర్‌కు కావలసిన శుద్ధి సాఫ్ట్‌వేర్‌తో అయ్యేది కాదు, బ్రష్షుతో, బ్లోయరుతో అయ్యేది. విద్యుత్ తీగను తీసివేసి, ఫ్యాను తిరగకుండా పట్టుకుని, తడి గుడ్డ వాడకుండా దుమ్ము తొలగించాలి. పత్తి రాబడి అధికంగా ఉండే నెలల్లో ఈ పనిని తరచుగా చేయించడం శ్రేయస్కరం. ల్యాప్‌టాప్‌ల విషయంలో అనుభవజ్ఞుడైన మెకానిక్ సహాయం తీసుకోవాలి.

విద్యుత్ సరఫరా హఠాత్తుగా నిలిచిపోవడం వల్ల తెరిచి ఉన్న ఫైళ్లు దెబ్బతినే అవకాశం ఉన్నది. పనిచేసే యూపీఎస్ బ్యాటరీ ఇందుకు సరైన రక్షణ.

నమ్మకమైన సాఫ్ట్‌వేర్ సైతం దాడికి గురైన ఉదంతం

శుద్ధి సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే దానికి కంప్యూటర్‌లోని అన్ని ఫైళ్లను చూసే, తొలగించే నిర్వాహక అధికారాన్ని ఇవ్వాలి. ఇంటి తాళాల గుత్తిని అప్పగించడం వంటిదే ఇది. తాళాలు పుచ్చుకున్న వ్యక్తి నిజాయితీపరుడైనా, అతని వద్ద నుంచి మరొకరు వాటిని కాజేయవచ్చు.

2017లో సరిగ్గా ఇదే జరిగింది. లండన్‌కు చెందిన పిరిఫామ్ సంస్థ రూపొందించిన సీక్లీనర్ ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్న శుద్ధి సాఫ్ట్‌వేర్లలో ఒకటి. 2017 జులైలో అవాస్ట్ సంస్థ పిరిఫామ్‌ను కొనుగోలు చేసింది. ఆ ఏడాది ఆగస్టు 15న విడుదలైన 5.33 వెర్షన్‌లో సంస్థకు తెలియకుండానే దుండగులు హానికర కోడ్‌ను చొప్పించారు. సంస్థ అధికారిక సర్వరు నుంచి, సంస్థ డిజిటల్ సంతకంతోనే అది పంపిణీ అయింది. సిస్కో టాలోస్, మార్ఫిసెక్ సంస్థల నిపుణులు దీనిని గుర్తించగా సెప్టెంబరు 18న విషయం బహిరంగమైంది. అప్పటికి సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలో ఆ వెర్షన్ చేరింది. దాడి చేసినవారి అసలు గురి పెద్ద సాంకేతిక సంస్థలపై ఉండటంతో రెండవ దశ హానికర ప్రోగ్రాం కొద్ది కంప్యూటర్లకే చేరింది.

ఈ ఉదంతాన్ని బట్టి ఆ సాఫ్ట్‌వేర్‌ను శాశ్వతంగా అనుమానించనవసరం లేదు. లోపాన్ని తొలగించి కొత్త వెర్షన్‌ను విడుదల చేశారు. అధికారిక వెబ్‌సైట్ నుంచి దించుకున్నంత మాత్రాన, అప్‌డేట్ చేసినంత మాత్రాన ముప్పు పూర్తిగా తొలగిపోదని మాత్రం దీనివల్ల రుజువైంది. అవసరం లేని సాఫ్ట్‌వేర్‌కు నిర్వాహక అధికారం ఇవ్వకపోవడమే ఉత్తమమైన జాగ్రత్త.

లేని రోగానికి మందు

రెండవ రకం ప్రమాదం మోసపూరిత సాఫ్ట్‌వేర్ల నుంచి వస్తుంది. ఉచిత పరీక్ష పేరిట లేని లోపాలను చూపి, సరిచేయడానికి రుసుము వసూలు చేయడం వీటి పద్ధతి. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాలలో కంప్యూటర్ ఆరోగ్య పరీక్ష పేరిట జరిగిన వ్యవహారం ఇందుకు నిదర్శనం. కంప్యూటర్ నెమ్మదిగా ఉన్నదా, తరచు ఆగిపోతున్నదా వంటి నాలుగు ప్రశ్నలకు సిబ్బంది టిక్కు పెట్టేవారు. ఒక్క గడిలో టిక్కు ఉన్నా, స్కాన్‌లో ఏమి తేలినదన్న దానితో నిమిత్తం లేకుండా హానికర ప్రోగ్రాముల లక్షణాలు ఉన్నట్లు ఫలితం వచ్చేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2019లో ఆఫీస్ డిపో, ఆ సాఫ్ట్‌వేర్‌ను సమకూర్చిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 3.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించాయి. ఇదే తరహా ఆరోపణలపై 2024లో రెస్టోరో, రీఇమేజ్ సంస్థలు 2.6 కోట్ల డాలర్లు చెల్లించడానికి సమ్మతించాయి.

భయపెట్టి కొనిపించే ఈ ధోరణిని గమనించిన మైక్రోసాఫ్ట్, అతిశయోక్తి హెచ్చరికలతో రుసుము కోరే శుద్ధి ప్రోగ్రాములను 2018 మార్చి 1 నుంచి విండోస్ డిఫెండర్ అవాంఛిత సాఫ్ట్‌వేర్‌గా గుర్తించి తొలగిస్తుందని ప్రకటించింది.

మన దేశంలో ఈ మోసం మరొక రూపంలో వెలుగుచూసింది. తెరపై నకిలీ హెచ్చరిక చూపి, అందులోని ఫోన్ నంబరుకు పిలిచినవారితో సాంకేతిక సహాయకులమని నమ్మించి సొమ్ము రాబట్టే ముఠాలపై సీబీఐ 2023 అక్టోబరులో ‘ఆపరేషన్ చక్ర-2’ పేరిట పలు రాష్ట్రాలలో సోదాలు జరిపింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థల ఫిర్యాదులు ఈ చర్యకు ఒక ఆధారం. ఏ సంస్థా కంప్యూటర్ తెరపై హెచ్చరికతోపాటు ఫోన్ నంబరు ఇచ్చి పిలవమని కోరదన్న విషయాన్ని సిబ్బంది గుర్తుంచుకోవాలి.

సెల్‌ఫోన్లలో శుద్ధి యాప్‌లు

దుకాణాలలో, పొలాల వద్ద కంప్యూటర్ పనిలో అధిక భాగం నేడు సెల్‌ఫోన్‌లోనే జరుగుతున్నది. ఫోన్ వేగం పెంచుతామని, బ్యాటరీ ఆదా చేస్తామని చెప్పే యాప్‌లకూ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. ర్యామ్ నిర్వహణను ఆండ్రాయిడ్ తానే చూసుకుంటుంది. యాప్‌లను బలవంతంగా మూసివేస్తే అవి మళ్లీ తెరుచుకొనడానికి మరింత బ్యాటరీ ఖర్చవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 29న సమాచార సాంకేతిక చట్టంలోని 69ఎ సెక్షన్ కింద నిషేధించిన 59 యాప్‌లలో క్లీన్ మాస్టర్, డీయూ క్లీనర్, వైరస్ క్లీనర్ అనే శుద్ధి యాప్‌లు కూడా ఉన్నాయి. నిల్వ స్థలం చాలనపుడు ఫోన్ సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ విభాగం, గూగుల్ ఫైల్స్ యాప్ వంటివి సరిపోతాయి.

శుద్ధి వేరు, రక్షణ వేరు

శుద్ధి సాఫ్ట్‌వేర్ ఉన్నది కనుక వైరస్ భయం లేదనుకోవడం పొరపాటు. 2017 మే 12న ప్రపంచవ్యాప్తంగా విజృంభించిన ‘వానాక్రై’ దాడిలో మన రాష్ట్ర పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం దెబ్బతిన్నాయి. ఆ దాడికి కారణమైన లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. అప్‌డేట్ పొందిన కంప్యూటర్లకు ఆ దారి మూసుకుపోయింది. డిస్క్‌పై చెత్త ఫైళ్లు ఎన్ని ఉన్నాయన్న దానితో ఈ దాడికి సంబంధం లేదు.

ఈ కోణంలో చూస్తే నేటి ముఖ్యమైన ప్రశ్న కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉన్నదన్నదే. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14తోను, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తోను ముగిశాయి. మద్దతు లేని విండోస్‌ను ఎంత శుభ్రం చేసినా భద్రత చేకూరదు. శుద్ధి సాఫ్ట్‌వేర్‌పై వెచ్చించే సొమ్మును కొత్త విండోస్‌కు, ఎస్ఎస్‌డీకి, బ్యాకప్ డిస్క్‌కు మళ్లించడం సముచితం.

వైరస్ సోకిందన్న అనుమానం ఉన్నపుడు కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరి 21న ప్రారంభించిన ‘సైబర్ స్వచ్ఛతా కేంద్రం’ సేవలను ఉపయోగించుకోవచ్చు. సెర్ట్-ఇన్ సంస్థ ఆధ్వర్యంలో నడిచే ఈ కేంద్రం హానికర ప్రోగ్రాములను తొలగించే సాధనాలను ఉచితంగా అందిస్తున్నది.

రికార్డులను తుడిచే ముందు చట్టాన్ని చూడాలి

ప్రభుత్వ కార్యాలయంలోని కంప్యూటర్ వ్యక్తిగత ఆస్తి కాదు, అందులోని ఫైళ్లు ప్రజల రికార్డులు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ రికార్డులను క్రమపద్ధతిలో భద్రపరచవలసి ఉన్నది. శుద్ధి పేరిట ఫైలు పోయిందన్న జవాబు దరఖాస్తుదారుకు న్యాయం చేయదు.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తాయి. సైబర్ ఘటన జరిగినట్లు గమనించిన 6 గంటలలోగా తెలియపరచాలని, వ్యవస్థలకు చెందిన లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలని అవి నిర్దేశించాయి. కొన్ని శుద్ధి సాఫ్ట్‌వేర్లలో విండోస్ లాగ్‌లను తుడిచివేసే ఐచ్ఛికం ఉన్నది. దానికి టిక్కు పెడితే భద్రపరచవలసినదే పోతుంది.

ఆన్‌లైన్ మోసానికి గురైన వ్యాపారులు, పౌరులు సైతం ఈ అంశాన్ని గమనించాలి. మోసం జరిగిన వెంటనే భయంతో కంప్యూటర్‌ను, ఫోన్‌ను ‘శుభ్రం’ చేస్తే బ్రౌజర్ చరిత్ర, సందేశాలు, దించుకున్న ఫైళ్లు వంటి సాక్ష్యాలు పోతాయి. ముందుగా ఇంటర్నెట్‌ను నిలిపివేసి, 1930 నంబరుకు ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, పోలీసుల సూచన మేరకే తదుపరి చర్య తీసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా గుర్తిస్తున్నది.

శుద్ధి సాధనాలు నిజంగా ఉపకరించే సందర్భాలు

ఈ సాధనాలన్నీ నిరుపయోగమని భావించనవసరం లేదు. డిస్క్ నిండిపోయి అప్‌డేట్ ఆగిపోయినపుడు విండోస్‌లోని శుద్ధి సదుపాయం వెంటనే ఉపకరిస్తుంది. పలువురు ఒకే కంప్యూటర్‌ను వాడే ఇంటర్నెట్ కేంద్రాలలో ప్రతి వినియోగదారు తరువాత బ్రౌజర్ సమాచారాన్ని తుడిచివేయడం వారి గోప్యతకు రక్షణ. పాత కంప్యూటర్లను వేలం వేసేటపుడు, మార్పిడికి ఇచ్చేటపుడు డిస్క్‌ను పూర్తిగా తుడిచివేయడం అత్యవసరం. మామూలుగా డిలీట్ చేసిన ఫైళ్లను తిరిగి రాబట్టడం సాధ్యమే. విండోస్‌లో రీసెట్ చేసేటపుడు డేటాను కూడా శుభ్రం చేసే ఐచ్ఛికాన్ని ఎంచుకోవాలి. పనికిరాని యంత్రాలను 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన సంస్థలకే అప్పగించాలి.

కార్యాలయాలు పాటించదగిన క్రమం

1. ముందుగా బ్యాకప్ తీయాలి. ముఖ్యమైన ఫైలుకు అసలుతో కలిపి 3 ప్రతులు, 2 రకాల పరికరాలపై, వాటిలో 1 వేరొక చోట ఉండాలి. బ్యాకప్ డిస్క్‌ను పని ముగిసిన వెంటనే కంప్యూటర్ నుంచి వేరుచేయాలి.

2. బ్యాకప్ నుంచి ఒక ఫైలును తెరిచి చూసి, అది పనిచేస్తున్నదని నిర్ధారించుకోవాలి. పాత తెలుగు ఫాంట్లను, వాటి ప్రోగ్రామును కూడా బ్యాకప్‌లో చేర్చాలి.

3. డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్‌లపై ఉన్న ఫైళ్లను తగిన ఫోల్డర్లలోకి మార్చాలి.

4. విండోస్‌లోని స్టోరేజ్ విభాగం ద్వారా తాత్కాలిక ఫైళ్లను, జాబితా చదివిన తరువాతే తొలగించాలి.

5. అనవసరమైన ఆరంభ ప్రోగ్రాములను నిలిపివేయాలి. ఒకే యాంటీవైరస్‌ను ఉంచాలి.

6. విండోస్, బ్రౌజర్ అప్‌డేట్లను పూర్తిచేయాలి.

7. యంత్రంలోని దుమ్మును తొలగించాలి. యూపీఎస్‌ను పరీక్షించాలి.

8. అప్పటికీ నెమ్మదిగా ఉంటే డిస్క్, ర్యామ్‌లను పరీక్ష చేయించాలి. అధికారుల అనుమతి లేకుండా బయటి శుద్ధి సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేయరాదు.

నిత్యం వాడే ఖాతాకు నిర్వాహక అధికారం లేకుండా చూడటం ద్వారా అనుకోకుండా జరిగే ఇన్‌స్టాలేషన్లలో అనేకం నివారించవచ్చు. ఇందుకు ప్రత్యేక వ్యయం అవసరం లేదు.

పత్రికా విలేఖరులు ఇటువంటి సాఫ్ట్‌వేర్లపై వార్తలు, ప్రకటనలు ప్రచురించే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవడం సముచితం. ఆ సాఫ్ట్‌వేర్ చూపే ‘లోపాలు’ ఏమిటో వివరిస్తున్నదా? తొలగించిన దానిని తిరిగి తెచ్చే మార్గం ఉన్నదా? విండోస్‌లో లేని ఏ పనిని అది చేస్తున్నది? ఉచితమైతే దాని ఆదాయం ఎక్కడి నుంచి వస్తున్నది? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు దొరకని సాఫ్ట్‌వేర్‌ను పాఠకులకు సిఫార్సు చేయకపోవడమే మంచిది.

చిట్టా పుస్తకాల కాలంలో గుమాస్తా దుమ్ము దులిపేవాడు, చెదలు చూసేవాడు, తాళం వేసేవాడు, అంతేగాని ఏ పుటలు అనవసరమో నిర్ణయించి చింపివేసే పనిని దారిన పోయేవారికి అప్పగించేవాడు కాదు. కంప్యూటర్ విషయంలోనూ అదే విచక్షణ పాటిస్తే ఆదోని యార్డులో రైతు తక్‌పట్టీ, ఎమ్మిగనూరులో నేత కార్మికుని మజూరి లెక్క అవసరమైన రోజున దొరుకుతాయి.